పసుపు దీపం మీద బొట్టుబిళ్ళ

నేను ఒక చిన్న పసుపు దీపాన్ని. బండి స్టీరింగు వెనక, స్పీడు ముల్లు పక్కన, ఇంజను బొమ్మ ఆకారంలో ఉంటాను. ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్ళు నాకు అప్పజెప్పింది ఒకటే పని. పొగగొట్టంలో కూర్చున్న సెన్సారు తేడా పసిగట్టి కంప్యూటరుకు చెబుతుంది, కంప్యూటరు దాన్నొక కోడుగా రాసుకుని నాకు చెబుతుంది, నేను డ్రైవరుకు చెప్పాలి. నాకు నోరు లేదు. వెలగడమే నా అరుపు. ఎంత అరిచినా వినని మనుషుల దగ్గర బతికాను కనక ఈ కథ కోపంగానే చెబుతాను.

మొదటి యజమాని నగల కొట్టు ఆసామి. గుళ్ళకూ గోపురాలకూ తప్ప బండి బయటికి తీసేవాడు కాడు. ఆయన దగ్గర నాకు పనే పడలేదు. తర్వాత అనకాపల్లి సన్యాసినాయుడు మమ్మల్ని కొని, బడిపిల్లల్ని చేరవేసే వ్యానుగా మార్చాడు. ఎనిమిదిమంది పట్టే చోట పదిహేనుమందిని కుక్కేవాడు. వెనక సీట్లో, పిల్లల్ని పట్టుకుని ఆయన భార్య నూకరత్నం కూర్చునేది.

ఒక వానాకాలం నేను వెలిగాను. నాయుడు విసుక్కుంటూ మెకానిక్ ఖాదర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఖాదర్ స్కానరు తగిలించి కోడు చూశాడు, బండి కిందికి దూరి చూశాడు.

"అన్నా, పొగగొట్టం పగిలింది. ఫ్లోరు కూడా తుప్పట్టింది. పొగ లోపలికొస్తాది. రెండ్రోజులు బండి ఒదిలెయ్."

"పిల్లలకి పరీక్షలు. ముందు ఆ కోడు చెరిపెయ్."

"చెరిపితే లైటు పోతాది గానీ పగులు పోదన్నా."

"చెరిపెయ్యెహె!"

చెరిపేశాడు. నిజం చెప్పినందుకు నా నోరు నొక్కారు. కొన్నాళ్ళకు మళ్ళీ వెలిగాను. ఈసారి నాయుడు ఖాదర్ దగ్గరికి కూడా పోలేదు. అద్దానికి నూకరత్నం అంటించుకున్న బొట్టుబిళ్ళల్లో ఒక పెద్ద నల్లది పీకి నా మీద అంటించాడు. పీడా పోయిందనుకున్నాడు. దాని వెనక నేను రాజుకుంటూనే ఉన్నాను.

వెనక పిల్లలు తూగేవాళ్ళు. 'నిద్ర చాలటం లేదు పాపం' అనుకునేది నూకరత్నం. తనకూ తల దిమ్ముగా ఉండేది. సరిగ్గా తినక అనుకునేది.

ఒకరోజు జోరువాన. అద్దాలన్నీ బిగించేశారు. బడి గేటు దగ్గర ఆగేసరికి జోషిత అనే పిల్లా, దాని తమ్ముడూ లేవలేదు. నూకరత్నం పిలిచింది, కుదిపింది, చెంపల మీద తట్టింది. చివరికి తూలుతూనే ఇద్దర్నీ చెరో చంకలో వేసుకుని వానలోకి దూకింది. వాన ముఖం మీద పడ్డాక పిల్ల కళ్ళు తెరిచింది. పిల్లాడు భళ్ళున కక్కుకుని ఏడ్చాడు. ఏ ఏడుపూ అంత తియ్యగా ఉండదు.

ఇద్దర్నీ టీచర్లకు అప్పగించి నూకరత్నం తడిబట్టలతో ముందు సీట్లోకి వచ్చింది. చూపు నా మీద పడింది.

"నా బొట్టుబిళ్ళ ఇక్కడికెలాగొచ్చింది?"

ఆమె గోటితో పీకింది. నేను ఆమె ముఖం మీదికి వెలిగాను.

"దీని కన్ను మూసేసి, నన్నూ పిల్లల్నీ ఎనకాల కూకోబెట్టావా?"

"పొల్యూషన్ కాయితం ఉంది కదే. పాసయింది."

"అయితే నా ఎదర మళ్ళీ చేయించు."

పెట్రోలు బంకు పక్కన పొగ పరీక్ష చేసేవాడు అలవాటుగా ఫోను తీసి నంబరు ప్లేటుకు గురిపెట్టాడు.

"ఫొటోకి పొగ కనబడతాదా బాబూ? ఆ మిషను గొట్టం పొగగొట్టంలో పెట్టు."

వాడు గొట్టం మీద దుమ్ము దులిపి పెట్టాడు. అంకెలు హద్దు దాటి ఎక్కడికో పోయాయి. "సర్దుదాంలెండి" అన్నాడు మెల్లగా.

"ఏటి సర్దుతావు? పిల్లల ఊపిరా?" అని అరిచింది. బంకులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

ఆ సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి, బండి బాగయ్యేదాకా పిల్లల్ని పంపొద్దని ఉన్నదున్నట్టు చెప్పింది. జోషిత తల్లి కొట్టడానికి చెయ్యెత్తింది, దించుకుంది. ఇంకొకాయన మాత్రం, "రేపు పరీక్షకెలా పంపాలి మరి?" అని ఈమెనే కసిరాడు!

ఖాదర్ గొట్టం మార్చాడు, ఫ్లోరుకు రేకు వెల్డింగు చేశాడు. నేను నా అంతట నేను ఆరిపోయాను. కానీ మళ్ళీ బయల్దేరిన రోజు బండిలో నలుగురే పిల్లలు.

"నీ వల్లే బండి ఖాళీ అయింది" అన్నాడు నాయుడు.

"అవనీ. ఈ నలుగురూ మెలకువగా ఉన్నారు."

మెయిన్ రోడ్డు సిగ్నలు దగ్గర మా పక్కన ఇంకో వ్యాను ఆగింది. మా పాత పిల్లలు అందులో ఒకరి మీద ఒకరు ఉన్నారు. దాని స్టీరింగు వెనక నా జాతి దీపం పసుపుగా వెలుగుతోంది. నూకరత్నం దిగి ఆ డ్రైవరు అద్దం తట్టింది.

"తమ్ముడూ, ఆ లైటెందుకెలుగుతోందో చూసుకున్నావా?"

వాడు అద్దం పైకెత్తేశాడు. ఆమె అరచేత్తో కొడుతూనే ఉంది. ఆకుపచ్చ లైటు పడింది. వెనక హారన్లు మోగాయి. ఆ వ్యాను కదలబోయింది.

అప్పుడు సన్యాసినాయుడు స్టీరింగు గిర్రున తిప్పి, మా బండిని దాని ముందు అడ్డంగా నిలిపి, తాళం పీకేశాడు.