బన్సీలాల్‌పేట్ పక్కన అంకె

దుర్గ చేసిన చార్టు నిండా సున్నాలే. పొద్దున్నే షిఫ్టు వాళ్లను తెచ్చే కాల్ సెంటర్ క్యాబులు ఏ స్టాపులో ఎంతమందిని ఎక్కించుకుంటున్నాయో చూపే చార్టు అది. ఎవరూ ఎక్కని స్టాపుల సున్నాలూ, ఒకరిద్దరు ఎక్కే స్టాపుల చిన్న అంకెలూ గీత మీద ఒకదానిమీదొకటి పడి నలిగిపోయాయి.

"ఇదేందమ్మా, బెల్లానికి చీమలు పట్టినట్టుంది! మీటింగ్‌కి నీట్‌గా కావాలె," అన్నాడు ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ జ్ఞానశేఖర్.

శ్రీకాకుళం వైపు పల్లె బడిలో చదువుకుని సికింద్రాబాద్ వచ్చిన దుర్గ, ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. హెల్ప్ పేజీలు ఓపిగ్గా చదివి, అంకెల ఫార్మాట్ పెట్టెలో [<5]"";0 అని కొట్టింది. ఐదుకు తక్కువైతే ఏమీ రాయకు, మిగతావి రాయి అని దానర్థం. షీటులో అంకెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చార్టు మాత్రం తలంటుకుని జడ వేసుకున్న పిల్లలా తేటపడింది.

"మస్తు చేసినవే!" అంది పక్క సీటు వసుధ. దుర్గ లోలోపల పొంగిపోయింది.

మీటింగులో చార్టు గోడ మీద పడగానే జ్ఞానశేఖర్ పెన్ను తీశాడు. "నంబర్ లేని స్టాపులన్నీ సోమవారం నుంచి బంద్. ఖాళీ బండి తిప్పుడెందుకు?" అంటూ పేర్లు రాయడం షురూ చేశాడు. బన్సీలాల్‌పేట్ కూడా రాశాడు.

లాప్‌టాప్ ముందు కూర్చున్న దుర్గ తలెత్తింది. బన్సీలాల్‌పేట్‌లో ఎక్కేది ఇద్దరు. అందులో ఒకరు వసుధ. క్యాబు సందు మొదటిదాకా వస్తేనే ఉద్యోగమని వాళ్ల నాన్న భద్రయ్య ముందే తేల్చి చెప్పాడు.

"సార్... అవి ఖాళీ కాదండి."

అందరూ వెనక్కి తిరిగారు. ఆ పిల్ల గొంతు వాళ్లు వినడం అదే మొదలు.

"ఐదుకి తక్కువున్నవన్నీ నేనే కనపడకుండా చేసీసానండి. నీట్‌గా ఉండాలన్నారు కదా అని..."

"మనుషుల్ని సుత ఊడ్చిపారేసినవా ఏంది?" అన్నాడు జ్ఞానశేఖర్. గదంతా నవ్వింది. దుర్గ చెవులు ఎర్రబడ్డాయి గానీ చేతులు ఆగలేదు. పాత సూత్రం చెరిపి 0;;; అని కొట్టింది. ఇప్పుడు దాగేది సున్నా ఒక్కటే. బన్సీలాల్‌పేట్ పక్కన 2 వచ్చి కూర్చుంది.

"ఇద్దరున్నరా! అయితే బోయిగూడ బండినే అటు మళ్లిద్దాం," అని జ్ఞానశేఖర్ తన లిస్టులో బన్సీలాల్‌పేట్ పేరు కొట్టేశాడు. "ఖాళీవి మాత్రం బంద్."

దుర్గ సీటుకి రాగానే వసుధ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మీటింగ్‌ల ఏమైందే?"

"సోమవారం నుంచి బోయిగూడ క్యాబే ముందు నిన్నెక్కించుకుని అటు వెళ్తాదట. కాస్త ముందే లెగాలి."

"అయ్యో! నా నిద్రంత పాడాయె! ఎవరే గింత తక్లీఫ్ పెట్టింది?"

"నేనే," అంటూ దుర్గ టిఫిన్ డబ్బా మూత తీసి, వసుధ వైపు జరిపింది.