రెండు వందల యాభై బస్తాలు

మేస్త్రీ ఆ రోజు పనికి నాగా పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కూతురి పెళ్ళి రిసెప్షన్‌కి హాలు చూడటానికి బయలుదేరాడు. కొత్త చొక్కా మెడ దగ్గర గీరుకుంటోంది. కూతురు దారి పొడుగునా ఒకటే పోరు.

"నాన్నా, అక్కడ ఊరికే నోరు పారేసుకోకు. మామగారికి ఆ భవనమంటే ప్రాణం."

"నేనెప్పుడు పారేసుకున్నానే?"

"మొన్న షాపులో? గోడకి చెవి ఆనించి, లోపలంతా బోలు అని అరవలేదూ?"

"బోలుగా ఉంటే బోలు అనక ఏమంటారు?"

కాబోయే వియ్యంకుడు కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. రిసెప్షన్ పెడితే ఊరి నడిమధ్య చౌకులో ఉన్న పాత సర్కారు కచేరీ భవనంలోనే పెట్టాలని ఆయన పంతం. మూడు వందల ఏళ్ళ కట్టడమట. పిల్లకీ అదే నచ్చింది. మేస్త్రీకి హాలు ఏదైనా ఒకటే. ఆయనకున్నది ఒక్కటే కోరిక. తన కూలీల ముఠా, నలభై ఒక్కమంది, ఆ రోజు అందరి పక్కనా కూర్చుని తినాలి. తల్లి లేని ఆ పిల్లని పెంచింది వాళ్ళు. ఇసుక గుట్టల మీద ఆడించారు, సిమెంటు సంచి మీద అక్షరాలు దిద్దించారు, ఫీజు కట్టాల్సిన నెలల్లో ఓవర్‌టైం డబ్బులు మేస్త్రీకి వదిలేశారు. చుట్టాలంటే ఇంకెవరు?

పెద్ద గేటు దాటి, రాతి పలకలు పరిచిన ముంగిలి దాటి, మెట్లెక్కి పై హాల్లోకి వెళ్ళేసరికి మాస్టారు ముందే వచ్చి తల పైకెత్తి నిలబడి ఉన్నారు. పక్కనే ఆ భవనం సంరక్షకుడు. ఆయన చేతికి తెల్ల గ్లౌజులు, నడుముకి తాళాల గుత్తి.

"చెప్పులు ఇక్కడే విప్పాలి. గోడల మీద చెయ్యి వెయ్యకూడదు. మేకు కొట్టకూడదు, టేపు అంటించకూడదు, కొవ్వొత్తి వెలిగించకూడదు," అన్నాడు తాళాలాయన, మంత్రం చదివినట్టు.

"ఊపిరి పీల్చుకోవచ్చా?" అన్నాడు మేస్త్రీ.

కూతురు మోచేత్తో పొడిచింది.

"చూశారా బావగారూ, ఆ కప్పు మధ్యలో సున్నపు పువ్వు!" మాస్టారు వేలెత్తి చూపించారు. "ఆ రేకుల ఒంపు చూడండి. ఈ కాలం చేతులకి వస్తుందా ఆ పని? ఆ మనుషులే వేరు."

మేస్త్రీ తల గోక్కున్నాడు. ఆ పువ్వు ఆయనే పోశాడు, మూడేళ్ళ కిందట రిపేర్లు జరిగినప్పుడు. పాతది రాలి పొడైపోతే, ప్లాస్టిక్ టబ్బులో అచ్చు పోసి, పరంజా మీద వెల్లకిలా పడుకుని అతికించాడు. కంట్లో సున్నం పడి వారం రోజులు ఒంటికన్నుతో తిరిగాడు. "ఆ మనుషులు" అంటే తానే. చెప్పబోయాడు. ఈసారి కూతురు గిల్లింది. ఊరుకున్నాడు.

ఊరుకోవడం ఆయనకి చేతకాని పని. అయినా ఊరుకున్నాడు, పిల్ల కోసం.

అప్పుడు కనబడింది గోడ మీద పలక. కొయ్య మీద పాతకాలపు పొడుగాటి అక్షరాలు: 'ఈ అంతస్తు మీద నూట ఇరవైమందికి మించరాదు.'

మాస్టారు జేబులోంచి కాగితం తీశారు. "మావాళ్ళు తొంభై. మీ చుట్టాలు ముప్పై అన్నారు. అచ్చం సరిపోయింది!"

"నా ముఠా నలభై ఒకటి."

మాస్టారు కప్పుకేసి చూశారు. తాళాలాయన తాళాలు చూసుకున్నాడు. చివరికి కూతురే మెల్లగా అంది.

"నాన్నా, వాళ్ళకి మర్నాడు మనింట్లో వేరేగా పెడదాం. వాళ్ళేమీ అనుకోరు."

వాళ్ళేమీ అనుకోరు. ఆ మాట మేస్త్రీ గుండెలో మేకులా దిగింది. అనుకోరు, నిజమే. ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడటం అలవాటైనవాళ్ళు ఏమనుకుంటారు? వాళ్ళ తరఫున అనుకోవాల్సింది తానే.

"ఆ పలక అబద్ధం," అన్నాడు. "రిపేర్లలో దీని కింద పద్నాలుగు ఇనుప దూలాలు వేశాం. నేనే దగ్గరుండి ఎక్కించా. ఇంకా పాత లెక్కే రాసుకు కూచున్నారా?"

"పలక మార్చడానికి వీల్లేదండీ," అన్నాడు తాళాలాయన. "అది కూడా పురాతన వస్తువే. ముట్టుకుంటే జరిమానా."

"మరి మీ దగ్గర కాగితాలేమీ లేవా?"

ఉన్నాయి. తాళాలాయన మూడు బీరువాలు తెరిచి, నాలుగో దాంట్లోంచి ఒక ఫైలు తెచ్చాడు. వేలికి ఉమ్ము రాసుకోబోయి, గ్లౌజు గుర్తొచ్చి ఆగి, పేజీలు తిప్పాడు. తిప్పుతుంటే ఆయన ముఖం విప్పారింది.

"ఉందండీ! ఇంజినీరు గారి సంతకంతో సహా. 'కొత్త దూలాల మీద రెండు వందల యాభై ఇసుక బస్తాలు పేర్చి ఒక పగలంతా ఉంచి పరీక్షించడమైనది. రెండు వందలమందికి అనుమతించవచ్చు.' అంటే మీ నలభై ఒక్కమందీ నిక్షేపంగా రావచ్చు."

కూతురు ఎగిరి గంతేసింది. మాస్టారు, "రాతపూర్వకమైన ఆధారం ఉన్నాక ఇంకేం!" అని మేస్త్రీ భుజం తట్టారు. వచ్చిన పని అయిపోయింది. మేస్త్రీ నవ్వేసి ఇంటికి పోతే చాలు.

మేస్త్రీ ముఖం కందగడ్డయింది.

"బస్తాలు ఎక్కడివి?"

"అంటే?"

"ఆ రోజు ఇసుక లారీ రానే లేదు. పైవాళ్ళు మర్నాడు చూడటానికొస్తారని ఇంజినీరుకి ఒకటే కంగారు. మమ్మల్నే ఎక్కించాడు. తలా ఒక తట్ట ఇటుకలు నెత్తిన పెట్టించి ఈ హాల్లో గంటసేపు నిలబెట్టాడు. తర్వాత ఎగరమన్నాడు. మాకు సున్నం కలిపే సున్నం అత్తకి అరవై ఏళ్ళు, ఆవిడా ఎగిరింది. ఆయన మాత్రం మెట్ల కింద నిలబడి, 'ఊగుతోందా?' అని అరుస్తున్నాడు. ఆ రాతలో ఉన్న బస్తాలు మేమే!"

మాస్టారు ఫైలు వైపు చూపించారు. "పోనీ బావగారూ, ఇప్పుడది ఎందుకు? రాతలో మీకు అనుకూలంగానే ఉందిగా."

"ఉంది. మనుషులుగా రానివ్వరు, బస్తాలమని ఒప్పుకుంటే రానిస్తారు. అంతేగా? పైగా నా దూలాలు గట్టివని నాకు తెలుసు. తెలియడం వేరు, బరువు పెట్టి చూడటం వేరు. చూడని నేల మీద రెండు వందలమందిని నిలబెట్టి, మధ్యలో నా పిల్లని నిలబెడతానా? ఆ పని ఇంజినీరు చేశాడు. నేను చెయ్యను." ఒకసారి తెరిచిన నోరు ఇక మూతపడలేదు. "ఇంకోటి. ఆ పువ్వు కూడా నాదే. మూడేళ్ళది. టబ్బులో పోశా!"

మాస్టారు పువ్వుని చూశారు, మేస్త్రీని చూశారు, మళ్ళీ పువ్వుని చూశారు. "టబ్బులోనా?" అన్నారు, ఇంట్లో ఎవరో పోయినంత నీరసంగా.

తాళాలాయన ఫైలు మూసేశాడు. "నేను విన్నాక రెండు వందలు ఇవ్వలేనండీ. నూట ఇరవై. అంతే."

నిజం చెప్పినందుకు ముఠా సీట్లు పోయాయి. మేస్త్రీ చెప్పులు వెతుక్కుంటూ మెట్ల వైపు నడిచాడు. వెనకాలే కూతురు వచ్చి చొక్కా పట్టుకుంది.

"ఆ రోజు నువ్వూ నిలబడ్డావా?"

"నట్టనడుమ."

"కూలితే?"

"కూలలేదుగా."

పిల్ల చొక్కా వదిలేసింది. తర్వాత అక్కడే మెట్ల మీద నిలబడి కిందకి చూసింది. రాతి పలకల ముంగిలి ఎండలో ఖాళీగా పడి ఉంది.

"అంకుల్, కింద ఎంతమందిని రానిస్తారు?"

తాళాలాయన తడబడ్డాడు. "ముంగిలిలోనా? దానికి... దానికి రూలేమీ లేదమ్మా. ఎవరూ అడగలేదు. అది ఉత్త నేల."

"అయితే నా రిసెప్షన్ ఆ నేల మీదే. మామగారూ, మీ తొంభై, మా ముప్పై, నలభై ఒకటి. ఒకే రోజు, ఒకే వరుస." తండ్రి వైపు తిరిగింది. "మర్నాడు పెడదామన్నాను చూడు, దానికి చెంప మీద ఒక్కటి వెయ్యి."

"చొక్కా ఇస్త్రీ నలుగుతుంది," అన్నాడు మేస్త్రీ.

మాస్టారు ఆఖరి ప్రయత్నం చేశారు. "మరీ ఆరుబయట... ఆ రాళ్ళైనా పాతవేనా బావగారూ? నిజం చెప్పండి."

"పాతవే. మాకు ముట్టుకోవడానికి డబ్బులివ్వలేదు."

మాస్టారు కళ్ళద్దాలు సవరించుకుని, మెట్లు దిగి, ఒక పలక పక్కన గొంతుక్కూచుని దాన్ని నిమరడం మొదలుపెట్టారు. మొహంలో కళ తిరిగొచ్చింది.

మేస్త్రీ గేటు దగ్గరికొచ్చి సున్నం అత్తకి ఫోన్ చేశాడు. తేదీ చెప్పాడు, చోటు చెప్పాడు, ముఠా అంతా రావాలన్నాడు.

"అక్కడ మళ్ళీ ఏం పగిలింది మేస్త్రీ? ఎన్నింటికి దిగాలి పనిలోకి?"

"పని కాదత్తా. పిల్ల పెళ్ళి విందు. కుర్చీలో కూర్చుని తినాలి."



"కుర్చీలు మేమే తెచ్చుకోవాలా?" అంది అత్త.

"నువ్వు పట్టుచీర కట్టుకుని రా, చాలు! గరిట ముట్టుకున్నా ఊరుకోను," అని మేస్త్రీ నడివీధిలో అరిచిన అరుపుకి, చౌకులో పోయేవాళ్ళంతా ఆగి చూశారు.