అక్కడ తీస్తే ఇక్కడ తీసుడు

ఉప్పలమ్మ జొన్నరొట్టె చేస్తాంటే గుర్వయ్య ఎనక నిలబడి, గా ఇరవై లింకులు పెట్టినవా లేదా అని మల్ల అడిగిండు. నిన్న అడిగిండు, మొన్న అడిగిండు. ఆమె పెనం మీది రొట్టెకు తడి అద్దుకుంట, చూస్త అన్నది. నువ్వు చూసేదేంది, నేను చూసిన గద అని ఆయన తువ్వాల భుజాన ఏసుకుని స్నానానికి పోయిండు. తొమ్మిదేండ్ల కాపురంల ఆమె ఎన్నిసార్లు చూస్త అన్నదో, ఆయన అన్నిసార్లు చూసిన అన్నడు.

నల్లగొండల గడియారం కాడ వీళ్లకొక దుకాణం ఉన్నది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక ఫోను. బోర్డు మీద పేరు గుర్వయ్యది, మీటల మీద వేళ్లు ఉప్పలమ్మవి. ఆయనకు కంప్యూటరు తెరుసుడు మూసుడు వచ్చు, గంతే. పెండ్లిపత్రికలు, నౌకరి దరఖాస్తులు, కాలేజి పిల్లల రికార్డులు అన్ని ఆమెనే కొడ్తది. అయినా వచ్చినోళ్లు తలుపు కాడ నిలబడి, సారు లేడా అమ్మా అంటరు. సారు చాయ్‌కి పోయిండు, నాకు చెప్పుండ్రి అంటే, పర్వాలేదమ్మా, సారు రానీ అని బెంచీ మీద కూసుంటరు. సారు వస్తడు, ముచ్చటంత వింటడు, కాయితం తెచ్చి ఆమె ముందల పెడ్తడు. గప్పుడు వాళ్లకు నిమ్మళం. ఇగ దోస్తులతోని ఆయన చెప్పే మాట వేరే. మా ఇంటామెకు ఇంట్ల పొద్దు పోదు, అందుకే దుకాణంల కూసోబెడుతున్న అంటడు. పొద్దుగాల నాలుగింటికి లేచి మంచినీళ్ల కోసం లైన్ల నిలబడి, బిందెలు మోసి, వండి, బిడ్డకు జడ ఏసి బడికి తోలి, అత్త కాళ్లకు నూనె రాసి, తొమ్మిది కొట్టంగ దుకాణం తాళం తీసేటామెకు పొద్దు పోదట.

నిరుడు, అంటే తొంభై ఎనిమిదిల, దుకాణానికి ఇంటర్నెట్టు వచ్చింది. ఎవరో కంపెనీవాళ్లు అందుల ఒక పేజీకి ఉత్తగనే జాగా ఇస్తున్నరు, మనకు ఇష్టమున్నది పెట్టుకోవచ్చు అని తెలిస్తే ఉప్పలమ్మ ఆ జాగాల ముగ్గులు పెట్టింది. మధ్యాన్నం గిరాకి లేనప్పుడు ఒక్కొక్క చుక్క ఒత్తుకుంట, మెలిక తిప్పుకుంట గీసేది. ఇంటిముందు ఏసిన ముగ్గు పది గంటలకల్లా సైకిళ్ల కింద, చెప్పుల కింద పోతది. ఇక్కడ ఏసింది పోదు. అది చూసి ఆమె సంబురం చెప్పతరం కాదు. అత్తగారింట్ల ఆమె పేరు పాతకాలం పేరని ఉమ చేసిండ్రు, పేజీ మీద మాత్రం ఉప్పలమ్మ ముగ్గులు అనే రాసుకున్నది. తొమ్మిదేండ్లల్ల ఆమె పేరు ఆమె చేత్తోని రాసుకున్న జాగా అదొక్కటే.

ముగ్గులల్ల సగం వదినెవి. వదినె అంటే హనుమమ్మ. గుర్వయ్యకు సొంత చెల్లె, ఉప్పలమ్మ అన్న సైదులుకు పెండ్లాం. వీళ్లది కుండమార్పిడి పెండ్లి. ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికిచ్చి, ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికి తెచ్చుకున్నరు, ఒక్కటే పందిట్ల రెండు లగ్గాలు. అందుకే వీళ్లిద్దరు ఒకల్నొకలు వదినె అనే పిలుసుకుంటరు. దేవరకొండ దిక్కు పల్లె నుంచి హనుమమ్మ నెలకొక కవరు పంపుతది. అందుల రెండు మూడు ముగ్గులు, కింద ఒక్కటే మాట: ఇక్కడ అందరం క్షేమం.

ఇగ లింకుల ముచ్చట. ఎవరన్న ముగ్గులని కొట్టి వెతికితే ఉప్పలమ్మ పేజీ ఎక్కడో అట్టడుగున, ఎనిమిదో పుటల కనబడేది. అంత కిందికి ఎవరు దిగుతరు? కొత్తగ వచ్చిన వెతికే యంత్రాలకు ఒక పద్ధతి ఉన్నదట. నీ దిక్కు ఎంతమంది దారి చూపితే నిన్ను అంత పైకి తెస్తయట. దారి చూపుడంటే లింకు. వేరేవాళ్ల పేజీల నీ పేరుంటది, దాని మీద ఒత్తినోళ్లు సీదా నీ పేజీకి వస్తరు. అందుకని పేజీలున్నోళ్లంత ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటున్నరు, నువ్వు నాది పెట్టు, నేను నీది పెడ్త అని. ఉప్పలమ్మకు అట్ల మొదటి ఉత్తరం తమిళనాడుల కుంభకోణం ఊరి నుంచి వచ్చింది. అలమేలు అని రిటైరైన డ్రాయింగు టీచరు, అరవ ముగ్గులు పెడ్తది. ఒకరిది ఒకరు పెట్టుకున్నరు. నెల తిరగకముందే ఉప్పలమ్మ పేజీ ఎనిమిదో పుట నుంచి ఐదో పుటకు ఎక్కింది.

అది చూసి గుర్వయ్యకు ఆశ పుట్టింది. ఒక్కదానికే గింత ఎక్కితే ఇరవై పెడితే ఎంత ఎక్కాలె అని ఆయనే కూసోని, వచ్చిన ఉత్తరాలన్ని ఏరి ఇరవై పేర్లు రాసిచ్చిండు. బట్టతల నూనె, జాతకాలు, పెండ్లి సంబంధాలు, సెకండ్‌హ్యాండ్ కార్లు. ముగ్గుల పక్కన బట్టతల ఏందని ఉప్పలమ్మ అంటే, నీకెందుకు, పేజీ పైకొస్తే దాని నెత్తి మీద మన దుకాణం పేరు రాపిస్త, రాకపోతే ఫోను బిల్లు దండుగ, ఉగాది నాటికి బంద్ చేస్త అన్నడు. అంటే లింకులు పెట్టకపోతే పేజీ పోతది, పెడితే అది తన పేజీలెక్క ఉండదు. ఏది చేసినా పోయేది తనదే అని ఆమెకు ఏడుపొచ్చింది.

ఇంకో కాయిదా కూడ ఆయన పెట్టిండు. ప్రతి సోమారం అటువాళ్లు మనది ఉంచిండ్రా తీసిండ్రా చూడాలె, తీస్తే అప్పుడే మనం తీసెయ్యాలె. ఉచితంగ ఎవలకు ఇయ్యొద్దు అన్నడు. పోయిన సోమారం చూస్తే అలమేలు పేజీల ఉప్పలమ్మ పేరు లేదు. పైకి కిందికి రెండుసార్లు వెతికింది, లేదు. గుర్వయ్య పక్కనే ఉన్నడు. తీసెయ్ అన్నడు. ఆమె తీసేసింది. కోపం రాలే, బాధ కూడ కాలే. ఒక మీట ఒత్తింది, అయిపోయింది, పెండ్లిపత్రిక ఒకటి ఉంటే అది కొట్టుకుంట కూసున్నది.

బేస్తవారం మధ్యాన్నం అలమేలు ఉత్తరం వచ్చింది. గుర్వయ్య చాయ్‌కి పోయిండు, దుకాణంల ఎవరు లేరు. ఆ పెద్దామె రాసింది తెలుగుల చెప్పాల్నంటే గిట్ల ఉన్నది: అమ్మా, నా పేజీ పాడైతే ఎన్నడో దాచిన పాత ఫ్లాపీల ఉన్నది ఎక్కించిన. అందుల నీ పేరు లేకుండె. కంటి ఆపరేషను చేయించుకున్న, రెండు దినాలు ఆగి పెడదామనుకున్న. ఇవ్వాళ చూస్తే నువ్వు నన్ను తీసేసినవ్. నేనేం తప్పు చేసిన్నో చెప్తవా?

ఉప్పలమ్మ ఆ ఉత్తరం మల్లొక్కసారి సదివింది. ఆ ఆఖరి మాట తను కూడ అడిగింది. అచ్చం అదే మాట, ఏడేండ్ల కింద, వంటింట్ల నిలబడి.

అది తొంభై రెండు ఎండకాలం. సైదులు హనుమమ్మను కొట్టిండని దేవరకొండ నుంచి వచ్చిన చుట్టం చెప్పిపోయిండు. అప్పటిదాక గుర్వయ్య ఉప్పలమ్మ మీద చెయ్యి లేపలే. ఆ దినం కూడ అన్నం తిన్నడు, చారు బాగున్నదన్నడు, చేతులు కడిగి తువ్వాలతోని తుడుసుకున్నడు. ఉమా, గిట్ల రా అన్నడు. వచ్చింది. చెంప మీద ఒక్కటి ఇచ్చిండు. ఆమె చెవుల గుయ్యిమంటాంటే, నేనేం తప్పు చేసిన అన్నది. ఏం చెయ్యలే, నీ మీద నాకు కోపం లేదు, మా చెల్లెకు అక్కడ పడ్డది గనుక నీకు ఇక్కడ పడ్డది, మీ అన్నకు చెప్పుకో అన్నడు. చెప్పి, మంచం మీద కూసోని రేడియో పెట్టుకున్నడు. అత్త తలుపు కాడనే ఉన్నది. లగ్గం నాడు పందిట్ల ఆ అత్త చెప్పిన మాట, మా పిల్ల మీ ఇంట్ల ఎట్లుంటదో మీ పిల్ల మా ఇంట్ల గట్లనే ఉంటది అనేది, ఇరవై ఏండ్ల ఉప్పలమ్మ దీవెన అనుకున్నది. బెదిరింపని ఆ దినం తెలిసింది.

తెల్లారి బస్సెక్కి అన్న కాడికి పోయి ఏడ్సింది. ఆయన మీసం దువ్వుకుంట, బావ నిన్ను కొడితే నేను ఊకుంటనా, ఆయన చెల్లెకు ఇంకో రెండు ఎక్కువ పెడ్త అన్నడు. ఇద్దరు మగవాళ్లు కొట్టుకోవాల్నంటే నడుమ రెండు చెంపలు దొరికినయి. ఇగ దిక్కు తోచక ఉప్పలమ్మ వంటింట్లకు పోయి హనుమమ్మ చేతులు పట్టుకున్నది. వదినె, నీకు దండం పెడ్త, ఏం జరిగినా బయటికి చెప్పకు, నీకు పడ్డదల్ల నాకు పడ్తది అన్నది. హనుమమ్మ సరే వదినె అన్నది. అటెనుక దెబ్బల కబురు ఒక్కటి రాలే. ఒక్కటేస్తే ఏడేండ్లు మా బామ్మర్ది దారిల ఉన్నడు చూసిండ్రా అని గుర్వయ్య చుట్టాలల్ల చెప్పుకుంటడు. నిజమేనేమో అని ఉప్పలమ్మ కూడ నమ్మింది. నమ్మితే తనకు సుఖంగ ఉండె, అందుకని నమ్మింది.

ఇప్పుడు కంప్యూటరు ముందల కూసోని ఆమె తనను తనే అడుక్కున్నది. సోమారం నాడు తను మీట ఒత్తింది ఎట్ల? కోపం లేకుండ, అడగకుండ, అక్కడ లేదు గనుక ఇక్కడ ఉండొద్దని. ఆయన తువ్వాలకు చేతులు తుడుసుకున్నంత తేలికగ ఒత్తింది. కంటి ఆపరేషనైన ముసలామెను, ఏమైందమ్మా అని ఒక్క మాటన్న అడగకపాయె. అమ్మో, నేను గూడ గిట్లయిన్నా అనుకున్నది. సోమారం ముచ్చట పెద్దది కాదు, ఒక పేరు, మల్ల పెడితే అయిపోతది. ఏడేండ్ల కింద వంటింట్ల తను మూయించిన నోరు సంగతేంది? మొగోళ్లు పెట్టిన కాయిదాను ఇన్నేండ్లు కావలి కాసింది ఎవరు? తనే. తన చెంప కోసం వదినె గొంతు మీద చెయ్యి పెట్టి కూసున్నది తనే.

ముందుగాల అలమేలు పేరు మల్ల పెట్టింది. తప్పు నాదే, నువ్వు నాది పెట్టినా పెట్టకున్నా నీ పేరు ఇక్కడ ఉంటది అని ఉత్తరం రాసింది. గుర్వయ్య రాసిచ్చిన ఇరవై పేర్ల కాయితం చింపి బుట్టల ఏసింది. అటెనుక ఫోను అందుకుని అన్న ఊర్లె కిరాణం దుకాణానికి చేసి, హనుమమ్మను పిలువుండ్రి, పది నిమిషాలాగి మల్ల చేస్త అన్నది. ఆ పది నిమిషాలు ఆమెకు కాలు నిలువలే.

హనుమమ్మ వచ్చి ఫోను పట్టుకుని, బిడ్డ మంచిగున్నదా, ముగ్గులు అందినయా అని అడిగింది.

"వదినె, అన్న కొడ్తున్నడా?" అన్నది ఉప్పలమ్మ.

"ఎందుకిప్పుడు గా ముచ్చట, అందరం క్షేమమే," అన్నది హనుమమ్మ.

"చెప్పొద్దని నీ చేతులు పట్టుకున్న గద. తప్పు చేసిన. ఇప్పుడు చెప్పు."

కిరాణం దుకాణంల ఎవరో బెల్లం అడుగుతున్నరు. హనుమమ్మ గొంతు తగ్గించింది. "ఎన్నని చెప్పాలె వదినె? ఎడమ చెవు వినబడక రెండేండ్లాయె. నీకు పడొద్దని చెప్పలే."

చెవు పోయినంక కూడ హనుమమ్మ ముగ్గులు గీసి పంపుతాంది, అందరం క్షేమం అని రాస్తాంది, ఇక్కడ ఉప్పలమ్మ వాటికి చుక్కలు ఒత్తుకుంట సంబురపడుతాంది. గోడకు తల కొట్టుకోవాల్ననిపించింది. తమాయించుకుని, ఉన్నపళంగ బస్సెక్కు, ఇక్కడికి రా, ముందుగాల చెవు దవాఖానల చూపిద్దాం అన్నది. నేనొస్తే నిన్ను ఎల్లగొడ్తరు గద వదినె అన్నది హనుమమ్మ. ఆ మాట ఇనంగ ఉప్పలమ్మకు ఏడుపు ఆగలే. నా ముచ్చట ఇన్నేండ్లు నువ్వు మోసినవ్, ఇగ నేను మోసుకుంట, నువ్వు బస్సెక్కు అన్నది.

గుర్వయ్య చాయ్ తాగి వచ్చిండు. వస్తనే ఇరవై అయినయా అన్నడు. పెట్టలే, పెట్టను అన్నదామె. ఆయన వంగి చూసిండు. మరి గా ముసలిదాని పేరు మల్ల ఎందుకున్నది, అది మనది పెట్టిందా అన్నడు. పెట్టలే, నేనే ఇచ్చిన అన్నది. ఉచితంగనా అన్నడు. ఉచితంగనే అన్నది. నీకు తెలివి ఉండే చేస్తున్నవా అని ఆయన ఇంకేదో అనబోతాంటే ఉప్పలమ్మ కుర్చీల నుంచి లేచి నిలబడ్డది.

"నీ చెల్లె సాయంత్రం బస్సుకు వస్తాంది. మా అన్న కొట్టి ఆమె చెవు చెడగొట్టిండు. ఏడేండ్లు చెప్పకుండ ఆపింది నేను, రమ్మన్నది నేను."

చెల్లె చెవు ఎట్లున్నదని గుర్వయ్య అడుగుతడేమో అని ఆమె చూసింది. ఆయన అడగలే. ఆయన కండ్లు మెల్లగ ఆమె చెంప దిక్కు వచ్చి ఆగినయి, చెయ్యి తువ్వాల మీది నుంచి కిందికి జారింది. తొమ్మిదేండ్లు పండుకున్న మంచం, కన్న బిడ్డ, చేసిన చాకిరి అన్ని ఉండంగ ఆయనకు ఇప్పటికీ తను కనబడతలేదు, తన చెంపల మీద అన్న సైదులే కనబడుతున్నడు అని ఆమెకు తెలిసిపోయింది. భయమైంది, అయినా ఎనకకు జరగలే.

"ఆమె వస్తాంది గని నేను పోతలేను," అన్నది ఉప్పలమ్మ. "గిప్పుడు కొట్టినవంటే అది మా అన్న పేరు మీద కాదు. నువ్వు కొట్టినట్టు."