సబ్బు గాలి

లిఫ్టులో పట్టదని మా ఆయన, పట్టకపోతే విప్పదీసి తీసుకెళ్ళమని మా అత్తయ్య. బీరువా మీద వాళ్ళ వాదన ఒక పట్టాన తేలేలా లేదు. ఇద్దరి ముందూ పెట్టిన టీ మీద మీగడ కట్టింది.

“విప్పడానికి అదేమన్నా మంచమా అమ్మా? ఇనప బీరువా.”

“ఆ ఊరినుంచి ఈ ఊరికి వచ్చినప్పుడు రాలేదూ? అప్పుడు ఈ గుమ్మంలో పట్టింది, ఇప్పుడు లిఫ్టులో పట్టదా?”

“అప్పుడు గుమ్మం చెక్క కోయించాం. ఆ మచ్చ చూడు, ఇంకా అలాగే ఉంది.”

“అయితే ఆ లిఫ్టునీ కాస్త కోయించు.”

మా అమ్మాయి చిట్టి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మా ఆయన నా వైపు తిరిగారు. “నువ్వేమంటావ్? బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేం?”

“ఇల్లు చూడ్డానికి వాళ్ళొచ్చే వేళయింది. ముందా కప్పులు తీయండి” అన్నాను.

మా ఆయనది బీమా ఆఫీసు. ప్రమోషన్ మీద మహానగరంలో హెడ్డాఫీసుకి వేశారు. వస్తారో రారో సోమవారం చెప్పాలి. వెళ్తామనే అందరం అనుకుంటున్నాం కాబట్టి ఇల్లు అద్దెకిచ్చే పని మొదలుపెట్టాం. పోయిన నెల వెళ్ళి అక్కడి ఫ్లాటు కూడా చూసొచ్చాం. అబద్ధం ఎందుకు, బాగుంది. వంటింటి నిండా వెలుతురు. నేను రక్తం తీసే పని చేస్తాను. అక్కడ ఇంటి పక్కనే పెద్ద ల్యాబుంది, రమ్మన్నారు కూడా. మా ఆయన ఆ ఫ్లాటు కిటికీలన్నీ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, “ఇప్పుడు సంతోషమేనా?” అని అడిగారు. సంతోషమే అన్నాను. ఈ ఊరినుంచి బయటపడాలని పెళ్ళయిన దగ్గర్నుంచీ పోరుతున్నది నేనే మరి.

ఈ ఊరు నాది. మా ఆయనా అత్తయ్యా ఉద్యోగం కోసం వేరే చోటునుంచి వచ్చినవాళ్ళు. నేను ఇక్కడే పుట్టాను. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఒక అలవాటుంది, ఊరిని తిట్టుకోవడం. కూరగాయల దగ్గర, బస్సులో, పెళ్ళి భోజనాల్లో, ఎక్కడ ఇద్దరు కలిసినా ముందు ఊరిని నాలుగు మాటలని గానీ అసలు విషయంలోకి రారు. మంచి రైళ్ళు ఆగవు. సినిమాహాలు తెరకి నడిమధ్య అతుకు, హీరోయిన్ ఎక్కడ నిలబడినా మొహం మీద గీత. ఉన్న ఒక్క కూడలిలో సిగ్నలు లైటు ఎప్పుడూ పసుపే. పార్కులో విగ్రహం ఎవరిదో ఎవరికీ తెలియదు. ఇదీ ఒక ఊరేనా, ఏముంది ఇక్కడ, అనేది మాకు బాగున్నారా అని అడగడం లాంటిది.

ఇల్లు చూడ్డానికి వచ్చింది కుర్ర జంట. ఆ అబ్బాయి నీళ్ళ సరఫరాలో ఇంజనీరు, మహానగరంనుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడు. ఆ అమ్మాయి సన్నగా, ప్రయాణం బడలిక ఇంకా తీరనట్టు ఉంది. కింద మూడు గదులు, బయటి మెట్ల మీదుగా పైన రెండు గదులు, ఆ పైన డాబా, అన్నీ చూపించి కూర్చోబెట్టాను.

“ఈ ఊరికెలా వేశారు బాబూ మిమ్మల్ని, ఎవరికి కోపం వచ్చింది?” అన్నాను నవ్వుతూ.

ఇక మొదలుపెట్టాను. రైళ్ళు, తెర మీద అతుకు, పసుపు లైటు, ఎనిమిదింటికల్లా మూసేసే బజారు. నాకు తోడు అత్తయ్య. “సబ్బుల ఫ్యాక్టరీ వాసన ఒకటమ్మా. మందులషాపు వాడు మధ్యాహ్నం నిద్రపోతాడు, లేపితే తిడతాడు.”

ఆ అబ్బాయి శ్రద్ధగా విని తల ఊపాడు. “నిజమే ఆంటీ. వచ్చిన రోజే అనిపించింది. చచ్చిన ఊరు. ఎలాగోలా రెండేళ్ళు గడిపేసి వెళ్ళిపోదామని చూస్తున్నాం.”

నా ఒళ్ళు భగ్గుమంది.

“చచ్చిన ఊరేం కాదు” అన్నాను.

అతను కంగారు పడ్డాడు. “అది కాదాంటీ, మీరే కదా ఇప్పుడు...”

“మేమంటాం. అది వేరు. తెర మీద అతుకుందని చెప్పాను గానీ, సినిమా సగంలో కరెంటు పోతే హాలువాడు మిగతా సగం మర్నాడు ఊరికే చూపిస్తాడని చెప్పానా? గుమ్మం దగ్గర నిలబడి ఎవరెవరు వచ్చారో మొహాలు గుర్తుపెట్టుకుంటాడు. బజారు ఎనిమిదింటికి మూస్తారు. మూస్తే? ఆ వేళకి మగవాళ్ళు ఇళ్ళకొస్తారు. పిల్లలు నాన్న మొహం చూసి పడుకుంటారు. మందులషాపు ఆయన తిడతాడు, తిట్టి లేస్తాడు. మీ మహానగరంలో ఎవడు లేస్తాడు?”

చిట్టి పుస్తకం దించేసింది. మా ఆయన నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూస్తున్నారు. ఆ అబ్బాయి సాయం కోసం భార్య వైపు చూశాడు. ఆ అమ్మాయి పైట అంచులో నవ్వు దాచుకుంటోంది.

నేనింకా ఏమనేదాన్నో గానీ, అత్తయ్య ఉన్నట్టుండి ముక్కు పైకెత్తింది.

“అమ్మాయ్! సబ్బు!”

నేనూ చిట్టీ లేచి పరుగెత్తాం. మా ఆయన కిటికీలు మూయడానికి అటు పరుగెత్తారు. వచ్చినవాళ్ళిద్దరినీ గదిలో అలాగే వదిలేశాం. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. వాళ్ళకి మేము పిచ్చివాళ్ళలా కనబడి ఉంటాం.

డాబా ఎక్కేసరికి వీధిలో అన్ని డాబాల మీదా మనుషులే. చీరలు లాగేవాళ్ళు, మంచాలు తిరగేసేవాళ్ళు. ఎదురింటి లెక్కల టీచరు ఊళ్ళో లేదు. ఆవిడ పక్కింటి దర్జీ పిట్టగోడ దాటి ఆ బట్టలు తీసి తన భుజాన వేసుకుంటున్నాడు. “టీచరుగారి దుప్పటి నీ వైపు ఎగిరింది, పట్టుకో సూదక్కా!” అని అరిచాడు. ఊళ్ళో నా పేరు అదే. పట్టుకున్నాను.

ఆ అమ్మాయి మా వెనకే మెట్లెక్కి వచ్చింది. ఏం జరుగుతోందో తెలియకపోయినా ఒక తీగ మీది బట్టలు తీయడం మొదలుపెట్టింది. ఆఖరి క్లిప్పు తీస్తుండగా పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. మెట్ల మలుపు దగ్గరికి వచ్చి నిలబడేసరికి కుండపోత.

“ఇంత ఎండలో ఎలా తెలిసిందాంటీ?”

“ఫ్యాక్టరీ ఆ చివరుంది. మామూలు రోజుల్లో వాసన ఇటు రాదు. గాలి తిరిగితేనే వస్తుంది. అటునుంచి గాలి వీచిందంటే వెనకే వాన. మాకిక్కడ పాకే పిల్లలకి కూడా తెలుసు.”

ఆ అమ్మాయి చేతుల్లోని బట్టలు వాసన చూసుకుంది. తర్వాత ఏ వ్యంగ్యమూ లేకుండా, తెలుసుకుందామనే అడిగింది. “మరి మీరెందుకు వెళ్ళిపోతున్నారు?”

“పిల్ల చదువు కోసం” అన్నాను.

“మధ్యలో నన్నెందుకమ్మా లాగుతావ్?” అంది చిట్టి, కింది మెట్టు మీదనుంచి. “నాకిక్కడే కాలేజీలో సీటొచ్చింది కదా.”

నేనింకో కారణం వెతికాను. వెంటనే దొరకలేదు.

వాన తగ్గాక వాళ్ళు వెళ్ళారు. ఇల్లు పెద్దదవుతుందేమో, ఆలోచించుకుని చెబుతామన్నారు. నేనూ మా ఆయనా మంచం మీద కూర్చుని బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాం. ఆయన దిండు గలేబులు బాగా మడతపెడతారు, చీరలు నాకే వదిలేస్తారు.

“ఏమండీ, ఈ ట్రాన్స్‌ఫర్ మీరెందుకు పెట్టుకున్నారు?”

“అదేం ప్రశ్న? నీ కోసం.”

“నేను పెట్టుకోమన్నానా?”

ఆయన గలేబు పక్కనపెట్టారు. “ఇదీ ఒక ఊరేనా అని పెళ్ళైన మర్నాడు అన్నావ్. అప్పట్నుంచి అనని రోజు లేదు. మూడుసార్లు అప్లై చేశాను. రెండుసార్లు రాలేదు. రాలేదని నీకు చెప్పడానికి మనసొప్పక ఊరుకున్నాను.”

నా చేతిలో చీర సగం మడత మీద ఆగిపోయింది. మా నాన్న అనేవాడు, మా అమ్మ అనేది, ఊళ్ళో అందరూ అంటారు కాబట్టి నేనూ అన్నాను. ఈయన బయటినుంచి వచ్చిన మనిషి. ఇవాళ ఆ కుర్రాడు నమ్మినట్టే నమ్మేశారు. ఆ కుర్రాడి మీద విరుచుకుపడ్డాను. ఈయన ఇన్నేళ్ళూ నమ్మి, నాకోసం ఎక్కడెక్కడో బతిమాలుకున్నారు.

“ఊళ్ళో అందరూ అంటారండీ. ఊరికే అంటారు.”

“అది నాకెవరు చెప్పారు?”

“మీకు వెళ్ళాలని ఉందా?”

“నాకేముంది, ఎక్కడైనా ఆఫీసే.”

“నేనడిగింది ఆఫీసు గురించి కాదు.”

ఆయన మడతపెట్టిన గలేబునే విప్పి మళ్ళీ మడతపెట్టారు. “ప్రమోషన్ తీసుకుంటే బాగుంటుంది. తీసుకోకపోతే చచ్చిపోను. నా సంగతి వదిలెయ్. నువ్వొకసారి సరిగ్గా చెప్పు. నువ్వేం చెబితే అదే నమ్ముతాను, నాకు వేరే చేతకాదు. అందుకని కాస్త చూసుకుని చెప్పు.”

 

మర్నాడు ఆదివారం పొద్దున్న డ్రాయింగు మాస్టారింటికి వెళ్ళాను. నాకు బళ్ళో బొమ్మలు నేర్పినాయన. ఇప్పుడు షుగరు, ల్యాబుదాకా రాలేరు, నేనే వెళ్ళి రక్తం తీసుకొస్తాను. ఆయన నరం దొంగది. చెయ్యి చాపగానే లోపలికి పోతుంది. కాసేపు ఏవో కబుర్లు చెప్పి, ఆయన నవ్వినప్పుడు పట్టుకోవాలి.

“వెళ్ళిపోతున్నావటగా” అన్నారు, ఎప్పట్లాగే మొహం గోడవైపు తిప్పుకుని.

“ఇంకా తేలలేదు మాస్టారూ.”

“తేలేదేముంది? వెళ్ళు. ఇక్కడేముంది? గోడలకి రంగులు కూడా సరైనవి దొరకవు ఈ ఊళ్ళో.”

“మీకు రక్తం తీయడానికి ఎవరొస్తారో మరి.”

“ఎవరైతే ఏం? చెయ్యి ఉంది, పొడుచుకుంటారు.”

ఆయన నవ్వారు. సూది దిగింది. దూది పెట్టి, బాటిల్ మీద పేరు రాసి, సంచీ సర్దుకున్నాను. ఆయన చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంచారు.

“అయిపోయింది మాస్టారూ.”

“అయిపోయిందా? సరే” అన్నారు గానీ చెయ్యి తీయలేదు. నేనే చొక్కా చెయ్యి కిందికి దింపి, గుండీ పెట్టి వచ్చాను.

దారిలో మందులషాపు ఆయన “అదృష్టవంతురాలివి, బయటపడుతున్నావ్” అన్నాడు. దర్జీ కూడా అదే అన్నాడు. నిన్నటి దుప్పటి ఇస్తే, అప్పుడే ఊరినుంచి తిరిగొచ్చిన టీచరు కూడా అదే అంది, దుప్పటి గుండెలకి హత్తుకుని, లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి. ఒక్కరైనా వెళ్ళొద్దంటారేమోనని ఇంటిదాకా చూశాను. ఎవరూ అనలేదు. మా ఊళ్ళో ఆ మాట ఎవరి నోటా రాదు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ నేను మాత్రం ఎప్పుడన్నాను?

ఇంటికొచ్చేసరికి భోజనాల వేళైంది. అత్తయ్య వడ్డించేసి పీట మీద కూర్చునుంది, చిట్టి అప్పుడే సగం తినేసింది. మా ఆయన మాత్రం కొలత టేపు పట్టుకుని బీరువా ముందు గొంతుక్కూర్చున్నారు.

“చూడమ్మా, నువ్వే చూడు. లిఫ్టు తలుపుకంటే ఇది జానెడు ఎక్కువ.”

“అడ్డంగా పడుకోబెడితే?”

“పడుకోబెట్టడానికి అది లిఫ్టా, పడకగదా?”

“నానమ్మని ఇక్కడే ఉంచి బీరువాకి కాపలా పెడదాం నాన్నా” అంది చిట్టి.

“ఉంచండి. నాకేం భయమా?” అంది అత్తయ్య. నవ్వుతూనే అంది గానీ, కంచంలో చెయ్యి ఆగింది.

నేను చేతులు కడుక్కుని వచ్చి నా కంచం ముందు కూర్చున్నాను.

“బీరువా కదలక్కర్లేదు అత్తయ్యా” అన్నాను. “పై వాటా ఆ పిల్లలకి ఇద్దాం, వాళ్ళిద్దరికీ అది సరిపోతుంది. కింద మనం ఉందాం. ఏమండీ, రేపు ఆఫీసులో రానని చెప్పేయండి.”

మా ఆయన నా మొహంలోకి చూస్తున్నారు. ఇంకా చాలలేదని నాకు అర్థమైంది. ఇది కూడా ఊరికే అన్నానేమోనని ఆయన భయం.

“నాకీ ఊరంటే ఇష్టం” అన్నాను.

అలవాటు లేని మాట, గట్టిగా రాలేదు. అయినా ముగ్గురికీ వినబడింది. మా ఆయన చేతిలోంచి టేపు జారి గిర్రున డబ్బాలోకి వెళ్ళిపోయింది.