గీత కింది నవ్వు

నేను ఒక గ్రామఫోన్ రికార్డుని. నల్లగా, గుండ్రంగా, అట్లపెనమంత ఉంటాను. అట్లపెనం అన్నానని చిన్నచూపు చూడకండి, నా ఒంటినిండా జాజ్ సంగీతం ఉంది. జాజ్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెబుతాను. అయిదుగురు కలిసి ఒక పాట అందుకుంటారు. తర్వాత ఒక్కొక్కరూ ఆ పాటని తమకు తోచిన సందులోకి తీసుకుపోయి, కాస్త తిప్పి, క్షేమంగా తెచ్చి అప్పజెబుతారు. అంతే.

నాది రెండో జన్మ. మొదటి జన్మలో డెబ్బై ఏళ్ళ కిందట, సముద్రాలకు అవతల, ఒక ఇరుకు గదిలో ఒక్క మధ్యాహ్నం పూట పుట్టాను. అప్పట్లో కొన్ని రికార్డులుగా వెలువడి మరుగున పడ్డాను. నన్ను పట్టిన అసలు టేపు ఏదో అటక మీద బూజుపట్టి పడి ఉంటే, ఏడేళ్ళ కిందట ఒకావిడ దులిపి తీసింది. చెవులకు డిప్పలు తగిలించుకుని నెలరోజులు కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చెడ్డ చప్పుళ్ళన్నీ ఏరి పారేసింది. దీన్నే రీమాస్టర్ చేయడం అంటారు. అయితే రెండో పాట మధ్యలో ఒకచోట క్లారినెట్ ఆయన దారి తప్పి ఠక్కున ఆగిపోతాడు. మిగతావాళ్ళు అతన్ని చూసి పకపకా నవ్వుతారు, అతనూ నవ్వుతాడు, మళ్ళీ అందరూ కలిసి అందుకుంటారు. ఆ నవ్వు ఉంచాలా తీసెయ్యాలా అని ఆవిడ రెండు రోజులు తల పట్టుకుంది. చివరికి ఉంచేసింది. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి.

పాత అట్ట బొమ్మే వేసి, నాలాంటివాళ్ళను కొద్దిమందినే అచ్చు వేశారు. అందులో నేను విశాఖపట్నం పెదవాల్తేరుకు, పొట్నూరు సన్యాసిరావు గారింటికి చేరాను. ఆయన రేవులో క్రేన్లు నడిపి రిటైరైన మనిషి. మేడ మీద గదిలో గోడ పొడుగునా జాజ్ రికార్డులే. ఆదివారం ఉదయం పదిమంది చేరి, ఉప్మా తిని, రికార్డులు విని, నచ్చినవి వారానికని ఇంటికి పట్టుకుపోతారు. ఇవ్వడంలో ఆయన చెయ్యి పెద్దదే. కాకపోతే ఒక పట్టింపు ఉంది. ఏ రికార్డయినా రెండు కొంటారు, ఒకటి వినడానికి, ఒకటి సీలు తీయకుండా దాచడానికి. నేనేమో ఒక్కదాన్నే దొరికాను. దాచేవాటిలో పడ్డాను.

ఆరేళ్ళు అద్దాల బీరువాలో కూర్చున్నాను. వచ్చినవాళ్ళకల్లా నన్ను తీసి చూపించి, “సీలు కూడా తియ్యలేదండీ” అని మురిసిపోవడం, మళ్ళీ లోపల పెట్టడం. ఆయన భార్య కనకం గారు ఒకసారి అననే అంది.

“వాసెన కట్టిన ఊరగాయ జాడీనైనా ఏడాదికోసారి విప్పుతామండీ. దీన్ని ఎందుకు ఊరబెడుతున్నారో నాకు బోధపడదు.”

నాకైతే ఏడుపొచ్చేది. ఒళ్ళంతా పాట పెట్టుకుని నోరు మూసుకు కూర్చోవడం ఎంత నరకమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఇలా ఉండగా మొన్న మాఘమాసంలో ఒక సాయంత్రం మా వీధిలోంచి పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తున్న ముసలాయన సినిమా పాట ముగించి ఇంకొకటి ఎత్తుకున్నాడు. నాకు గుండె జల్లుమంది. అది నా రెండో పాట! సన్యాసిరావు గారు చిన్నప్పుడెప్పుడో రేడియోలో ఒక్కసారి విన్నారట దాన్ని. పడక కుర్చీలోంచి లేచి, ఒక కాలికే చెప్పుతో మెట్లు దిగిపోయారు.

“అయ్యా, ఈ పాట మీకెక్కడిది?” అని అడిగారు.

ముసలాయన పేరు గౌరీసు. “మా డిక్రూజు మాస్టారిది బాబూ. రైల్వే క్లబ్బులో వాయించేవోరు. ఊరొదిలి ఎల్లిపోతూ ఈ పాటున్న రికార్డు నా సేతిలో ఎట్టినారు. మొదట్రోజే నాను ముల్లు సరిగ్గా దించనేక గీత ఎట్టేసినాను. పాట మజ్జిలోకొచ్చేసరికి ముల్లు ఎగిరి అవతల పడిపోద్ది. ఆ గీత కింద ఏటుందో నాకీయాల్టికీ తెల్దు.”

అంటే యాభై ఏళ్ళుగా గౌరీసు ఆ పాటను గీతతో సహా వాయిస్తున్నాడన్నమాట. ముల్లు ఎగిరిన చోట అతని పాటా ఎగురుతుంది. అక్కడికి రాగానే ఊరేగింపులో డాన్సు కట్టేవాళ్ళంతా ఒక్క గెంతు గెంతడం ఆ పేటల్లో ఆనవాయితీ అయిపోయింది. తప్పుకు కూడా అడుగులు నేర్చుకున్నారు, మనుషులు ఘటికులే.

తన దగ్గరున్నది ఆ రికార్డేనేమో చూడమని సన్యాసిరావు గారు పిలిస్తే, మర్నాడు గౌరీసు మా ఇంటికొచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. అట్ట మీద బొమ్మను పోల్చుకుని, “ఇదే బాబూ, ఇదే” అన్నాడు. తర్వాత నెమ్మదిగా, “నా ముందరి పళ్ళు కదిలిపోనాయి. వచ్చేవారం శనివారం పీకేత్తానన్నాడు డాక్టరు. పళ్ళు నేకపోతే క్లారినెట్టు పలకదు. దానికి ముందర బేస్తారం పెళ్ళే నాకాకరిది. ఒక్కపాలైనా ఈ పాట పూర్తిగా వాయించాలనుంది. ఏసి ఇనిపిత్తారా?” అని అడిగాడు.

సన్యాసిరావు గారు నన్ను మెల్లగా వెనక్కి తీసుకున్నారు. “ఆదివారం రండి” అన్నారు. ఆ నాలుగు రోజులూ నా తోబుట్టువు ఇంకొకటి దొరుకుతుందేమోనని దేశమంతా ఫోన్లు చేశారు. ఎక్కడా లేదు.

ఆదివారం గౌరీసు ఇస్త్రీ చేసిన బ్యాండు కోటు వేసుకుని, క్లారినెట్ చంకన పెట్టుకుని వచ్చాడు. సన్యాసిరావు గారు నన్ను ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ అంచు మీద గోరు ఆనించారు. ఆనించి, అలాగే ఉండిపోయారు. గౌరీసు ఆయన మొహం చూశాడు.

“పోన్లెండి బాబూ. యాభై ఏళ్ళు ఆగినోణ్ణి. కొత్త సరుకు, నా సెయ్యి మంచిది కాదు” అంటూ లేచాడు.

అప్పుడు కనకం గారు వంటింట్లోంచి వచ్చి, కూరలు తరిగే చాకు భర్త చేతిలో పెట్టింది. ఆయన సిగ్గుపడ్డారు. నిజంగా సిగ్గుపడ్డారు. సర్రుమని సీలు కోసేశారు. ఆరేళ్ళ తర్వాత ఒంటికి తగిలిన గాలి ఉప్మా వాసన వేసింది. అంత మంచి వాసన నేను ఎరగను.

“కూర్చోండి గౌరీసు గారూ. ముల్లు మీరే దించండి” అన్నారాయన.

గౌరీసు చెయ్యి కోటుకు తుడుచుకున్నాడు. ఊపిరి బిగబట్టి, నిద్రపోతున్న పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు ముల్లు దించాడు. నేను పాడాను. ఎలా పాడానో మీకు చెప్పలేను. రెండో పాట మొదలైంది, గీత ఉండాల్సిన చోటు వచ్చింది, గౌరీసు కళ్ళు మూసుకున్నాడు. క్లారినెట్ ఠక్కున ఆగింది. పకపకా నవ్వు.

గౌరీసు కళ్ళు తెరిచాడు. “ఇక్కడేదో పెద్ద పనితనం ఉంటాది, నాను పాడుసేసినానని యాభై ఏళ్ళు కుమిలిపోనాను. నవ్వుకుంటన్నారా ఈళ్ళు?” అని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు. ఆ పూట నా చేత ఆ పాట తొమ్మిదిసార్లు పాడించారు. ఒక్కసారి కూడా విసుగు పుట్టలేదు నాకు.

బేస్తవారం ఊరేగింపు దారి మళ్ళించి మరీ మా వీధిలోంచి తెచ్చారు. సన్యాసిరావు గారు నన్ను పట్టుకుని బాల్కనీలో నిలబడ్డారు. పాట ఆ చోటికి వచ్చింది. అలవాటు కొద్దీ డాన్సు కట్టేవాళ్ళంతా గెంతారు. దిగేసరికి పాట లేదు! మేళం మేళమంతా వాయిద్యాలు దించి, గౌరీసు చెప్పినట్టు పకపకా నవ్వుతోంది. గెంతినవాళ్ళు తెల్లమొహాలు వేశారు. ముందు పెళ్ళికూతురు నవ్వింది, తర్వాత వీధంతా నవ్వింది. ఆ నవ్వులోంచే గౌరీసు క్లారినెట్ మళ్ళీ పాట అందుకుని చివరంటా వెళ్ళింది.

ఇప్పుడు నేను ఊరంతా తిరుగుతున్నాను. వారానికొక ఇల్లు. నా అట్ట మూలలు నలిగాయి, వెనక ఎవరిదో టీగ్లాసు ముద్ర పడింది. సన్యాసిరావు గారు దాచినవాటికి కూడా ఒక్కొక్కటిగా సీళ్ళు కోసేస్తున్నారు. చాకు మాత్రం వంటింట్లోకి తిరిగి వెళ్ళలేదని కనకం గారి ఫిర్యాదు.

గౌరీసు పళ్ళు తీసేశారు. క్లారినెట్ శిష్యుడికి ఇచ్చేశాడు. అయినా ఆదివారం ఆదివారం నేను ఎక్కడుంటే అక్కడికి వస్తాడు. రెండో పాట మధ్యకు రాగానే చెయ్యి పైకెత్తుతాడు, గదంతా ఊరుకుంటుంది. నా లోపలి అయిదుగురితో సరిగ్గా కలిసేలా, బోసినోరు తెరిచి తన వంతు నవ్వుతాడు. ఆ ఒక్క ముక్కకీ పళ్ళతో పని లేదు.