తొమ్మిది ఊళ్ల పుస్తకాలు

చాంద్‌బీ ఏ పుస్తకం దొరికినా తలకిందులుగా పట్టుకుని చదువుతుందని తల్లి నూర్‌బీకి తెలియదు. ఆమెకు అక్షరం రాదు. పక్కింటి రమణయ్య చూసి అడిగాడు.

"ఏందమ్మా, తిరగేసి పట్టుకున్నావే?"

"నాకిట్టనే వస్తాది మామా. బళ్లో పుస్తకం అవతలోళ్ల వైపుంటాది. నేను ఎదురుగా కూర్చుంటా."

నూర్‌బీ నవ్వబోయి ఆగిపోయింది.

ఆమె భర్త పోయినప్పటినుంచి సముద్రం వెంబడి తొమ్మిది ఊళ్లు తిరిగి గాజులమ్ముతోంది. మర్నాడు గాజుల మలారం భుజాన వేసుకుని ముందు బడికి పోయింది.

"మూడో తరగతిలో ముప్పై నలుగురమ్మా, వాచకాలు రెండు" అన్నాడు జకరయ్య అయ్యవారు. "కొనే స్థోమత ఎవరికుంది? పంచాయతీ సమితికి మూడుసార్లు రాసినా. ఇంకా గట్టిగా అడిగితే నన్ను ఏ మూలకో బదిలీ చేస్తారు."

"మీరడగొద్దులే అయ్యవారా. నేనడుగుతా."

అది అరవై రెండో సంవత్సరం. ఆ నెలంతా ఏ ఊళ్లో ఎవరి చేతికి గాజులు తొడుగుతున్నా నూర్‌బీ ఒకటే అడిగింది: మీ బళ్లో పిల్లోళ్లెందరు, పుస్తకాలెన్ని? తెలియదంటే తనే బడి గుమ్మంలో నిలబడి చూసొచ్చింది. ఇంటికొచ్చి చెబితే చాంద్‌బీ కాగితం మీద రాసింది.

సమితి సమావేశం రోజు నూర్‌బీ ఆ కాగితం తీసుకుని బస్సెక్కి పోయింది. గుమ్మం దగ్గర బంట్రోతు అడ్డం వచ్చాడు.

"గాజులమ్మేది ఈడ కాదు."

"అమ్మేదానికి రాలా. అడిగేదానికి వచ్చినా."

అతన్ని దాటుకుని లోపలికైతే పోయింది గాని, అంతమంది పెద్దమనుషుల్ని చూసేసరికి దారంతా అనుకున్న మాటలన్నీ పోయాయి. కాగితం మాత్రం ప్రెసిడెంటు పెంచలయ్య ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదవసాగాడు. ఊరి పేరు, పిల్లలు, పుస్తకాలు. మూడో ఊరి పేరు వినగానే సభ్యుడు పోలేరయ్య లేచాడు.

"అది మా ఊరు! మా బడికేం తక్కువ?"

నూర్‌బీ ఆయన వైపు తిరిగింది. "మొన్న మీ మనవరాలికి గాజులు తొడిగినా పెద్దాయనా. ఆ పిల్లే చెప్పింది. నాలుగో తరగతికంతా పుస్తకం ఒకటే, అదీ అయ్యవారిదేనంట."

పోలేరయ్య కూర్చుని మెల్లగా అన్నాడు: "బళ్లన్నిటికీ రంగులేయమని నేనే అడిగినా. లోపల పుస్తకాలుండాయా అని ఏనాడూ చూళ్లా. ఆ రంగులు ఆపండి పెంచలయ్యా. ఆ డబ్బుతో పుస్తకాలు కొనండి."

మిగతావాళ్లు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఏడు ఊళ్లకు ఒప్పుకున్నారు.

"తొమ్మిదీ అడిగినా అయ్యా" అంది నూర్‌బీ.

"ఈ ఏటికింతే అమ్మా. మళ్లీ రా."

దసరా సెలవులయ్యాక నెల్లూరునుంచి ఎద్దులబండిలో గోనెపట్టాలు చుట్టిన కట్టలు వచ్చాయి. జకరయ్య పేరుపేరునా పిలిచి పిల్లలకు పుస్తకాలిచ్చాడు.

"ఇంటికి తీసుకుపోవచ్చా అయ్యవారా?" అని చాంద్‌బీ రెండుసార్లు అడిగింది.

"నీదేనమ్మా, తీసుకుపో."

నూర్‌బీ గుమ్మం దగ్గర నిలబడి కళ్లారా చూసుకుంది. తరవాత మలారం ఎత్తుకుని, మిగిలిపోయిన రెండూళ్ల వైపు నడిచింది. పొద్దు వాలేలోగా, వచ్చే సమావేశానికి ఆమెతో బస్సెక్కుతామని అక్కడి నలుగురు తల్లులు మాటిచ్చారు.