చెక్క భాష

ఆ పేరు పెట్టింది మేనేజరు శ్రీనివాసులే. బొజ్జన్న దాన్ని మరిచిపోలేదు, క్షమించనూ లేదు. కోడుమూరు నూనెమిల్లులో చెక్క అంటే వేరుశనగ విత్తనంలోని నూనెంతా పిండేశాక మిగిలేది, గొడ్లకు వేసేది. చెకొస్లొవేకియా నుంచి వచ్చిన ఇంజను కోసం, మూడో తరగతిలో బడి మానిన నలభై ఆరేళ్ళ మనిషి ఆ దేశపు చెక్ భాష నేర్చుకుంటూ ఉంటే, మిల్లంతా నవ్వడానికి ఆ ఒక్క మాట చాలింది.

ఆ రోజు కూడా తెల్లవారగానే అతడు కిరసనాయిలు మంటతో ఇంజను తల కాచాడు. మోచేతుల దాకా మసి, ఎడమ చూపుడు వేలికి గోరు లేదు, ఇంజను తీసుకుంది. పెద్ద చక్రాన్ని వెనక్కి గుంజి వదిలాడు. ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి అందుకుంది.

"దోబ్రీ దెన్," అన్నాడు దానితో. మంచిరోజు అని ఆ భాషలో పలకరింపు. భార్య ఉరుకుందమ్మ పోయినప్పటి నుంచి పొద్దున్నే అతడు పలకరించేది ఆ ఇంజనునే.

తర్వాత షెడ్డు గోడ మీద సుద్దముక్కతో ఒక కొత్త మాట రాశాడు. దాన్ని ఇరవైసార్లు పైకి అంటేగాని బీడీ ముట్టించడు. మూడేళ్ళుగా అదే నియమం. ఇంజను బిగించి పోయిన ఆ దేశపు మనిషికి రాసిన జాబులకు జవాబు రాని ఆరునెలల్లో రెండుసార్లు సుద్దముక్కను బయటికి విసిరికొట్టాడు. రెండుసార్లూ చెక్క బస్తాల సందుల్లో వెతికి తెచ్చుకున్నాడు.

షెడ్డు ఊడ్చే సిద్దమ్మ చీపురు ఆపింది. "ఏందన్నా ఈపొద్దు మంత్రం?"

"లోజిస్కో."

"అదేంది, తిట్టినట్టుండాది!"

"బేరింగు లేమ్మా."

"రాసియ్యన్నా. మాపటికి మా ఆయప్పను తిడతా."

బొజ్జన్న నవ్వలేదు. పంతొమ్మిదోసారి అంటున్నాడు.

నియమానికి కారణం ఉంది. మిల్లు కట్టేటప్పుడు రోడ్డు పక్కనున్న అతడి చేనును మిల్లు యజమాని శెట్టి తీసుకున్నాడు. సగం దుడ్లు ఇచ్చి, మిగతా సగానికి మాట ఇచ్చాడు. "ఇంజను తిరిగినన్నాళ్ళు నీకు పని." కాగితం లేదు. అందుకే ఇంజను ఆగకూడదు. ఆగకుండా ఉండాలంటే దాంతో వచ్చిన పుస్తకం చదవాలి. అది ఇంగ్లీషులో కూడా కాదు, చెక్‌లో ఉంది. అందులో బొమ్మ పక్కనున్న మాట రోజుకొకటి పట్టుకుంటున్నాడు.

ఇంజను బిగించడానికి వచ్చిన మనిషి పేరు యరోస్లావ్. ఎండకు ఎర్రగా కమిలిపోయి ఉండేవాడు కాబట్టి కూలీలు ఎర్రసామి అన్నారు. నలభై రోజులు ఉన్నాడు. పానా ఎత్తి చూపించి "క్లీచ్" అనేవాడు. బొజ్జన్న "క్లీచ్" అనేవాడు. ఎర్రసామి తల ఊపి "అనో" అనేవాడు. అను అంటున్నాడు కాబోలు, ఇంకా సరిగా రాలేదు కాబోలని బొజ్జన్న మళ్ళీ "క్లీచ్" అనేవాడు. "అనో." "క్లీచ్." "అనో, అనో!" అంటూ ఆ మనిషి పడీపడీ నవ్వేవాడు. అట్లా ఒక్కో మాటా ఇరవైసార్లు. ఇంత కటువైన అయ్యవారు బళ్ళో దొరికి ఉంటే తాను పెద్ద చదువే చదివేవాడినని బొజ్జన్న అనుకునేవాడు.

పన్నెండు గంటలకు, రోజూ లాగే, అన్నాలవేళకు ఇంజను ఆపి అతడు పోస్టాఫీసుకు నడిచాడు. పోస్టుమాస్టరు దావీదురాజు అతడికి ఇంగ్లీషు అక్షరాలు నేర్పినవాడు.

"వచ్చిందప్పా నీ పార్సిలు! ఓడల మీద తిరిగితిరిగి ఇన్నాళ్ళకొచ్చె."

ఎర్రసామి పంపిన చిన్న పుస్తకం. చెక్ మాటలకు ఇంగ్లీషులో అర్థాలు. దావీదురాజు కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి పుటల్లో వేలు పెట్టాడు.

"అనో. అంటే ఎస్. అవును."

"కాదు సామీ. అను అని గదా? మళ్ళీ సెప్పమని."

"ఈడ అచ్చేసుండాది గదప్పా. అవును అనే."

బొజ్జన్న మెట్టు మీద కూర్చున్నాడు. క్లీచ్ మొదటిసారే సరిగా వచ్చింది. ఆ మనిషి అవునన్నాడు. తర్వాత కూడా ప్రతిసారీ అవుననే అన్నాడు. తన బతుకులో ఇంకెవరైనా తనతో అన్నిసార్లు అవునన్నారా అని వెతుక్కున్నాడు. ఒక్కరూ తట్టలేదు.

తిరిగి వచ్చేసరికి షెడ్డు ముందు లారీ ఉంది. ఇంజను బెల్టు తీసి కింద పడేశారు. గోడ పక్కన కొత్త కరెంటు మోటారు, మేకపిల్లంత ఉంది.

"కడప నాపరాళ్ళ ఫ్యాక్టరీ రెడ్డికి అమ్మేసినాం," అన్నాడు శ్రీనివాసులు.

"తిరిగినన్నాళ్ళు పనన్న్యాడు గదప్పా శెట్టి? బాగనే తిరుగుతాండాది గదా!"

"యాడ తిరుగుతాండాది? మధ్యాన్నం ఆపింది నువ్వే గదప్పా."

వేరేవాళ్ళు విప్పితే మరలు చెడిపోతాయని బోల్టులు బొజ్జన్నే విప్పాడు. ఇంజను లారీకి ఎక్కేసరికి పొద్దు వాలింది. లారీతో వచ్చిన కడప రెడ్డి ఇంజను పుస్తకం తిప్పి చూసి పిలిచాడు.

"ఏమప్పా, ఇది నీకు సదవనొస్తాదా? ఒస్తే ఇంజనుతో పాటు నువ్వూ రా. పనిస్తా."

పోస్టాఫీసు నుంచి దారి పొడుగునా నోట్లో నానిన మాట జారింది.

"అనో," అన్నాడు బొజ్జన్న.

"ఏమనాల?"

శ్రీనివాసులు పగలబడి నవ్వాడు. "సూస్తివా రెడ్డీ? నువ్వడిగితే నిన్నే అనమంటాండాడు. చెక్క బాస! తలకాయలో పిప్పి తప్ప ఏం లేదు."

రెడ్డి పుస్తకం చంకలో పెట్టుకుని లారీ ఎక్కాడు. "ఒస్తాదప్పా, సదువుతా," అన్నాడు బొజ్జన్న. అప్పటికే లారీ స్టార్టయింది. మూడేళ్ళు ఇంజను హోరులో పని చేసినవాడి మాట లారీ హోరులో రెడ్డికి వినపడలేదు.

మర్నాడు మిల్లు మీట నొక్కగానే తిరిగింది. సిద్దమ్మ ఊడ్వడానికి వచ్చేసరికి మేకుకు ఎప్పుడూ వేలాడే బొజ్జన్న కంబళి లేదు. ఎటు పోయాడో ఎవరూ అడగలేదు. గోడ మీద లోజిస్కో కింద కొత్తగా అనో అని ఉంది. ఒకసారి కాదు, ఇరవైసార్లు.

శెట్టి తీసుకున్న అతడి ఎకరా పదహారు సెంట్ల చేనులో ఇంజను కూర్చున్న సిమెంటు దిమ్మె, దాని మీద గోరంత సుద్దముక్క.